కథకు దస్తావేజు

భోగాపురంలో కొన్నేళ్లుగా ఏ ఇద్దరు కలిసినా భూమి మాటే. విమానాశ్రయానికి పొలాలు సేకరించిన నాటి నుంచి కొబ్బరితోట, జీడితోట, చవిటినేల అన్న తేడా లేకుండా ప్రతి చెక్కకూ ఒక ధర వచ్చింది, ప్రతి ధర వెనకా ఒక మధ్యవర్తి వచ్చాడు. ఒక్క సెంటు చేతులు మారాలన్నా అమ్మేవాడి తరఫున ఒకరు, కొనేవాడి తరఫున ఒకరు కూర్చుంటారు. ఈసీ తీయించేవాడు ఒకడు, లింకు డాక్యుమెంట్లు చదివే లాయరు ఒకడు. దస్తావేజు లేఖరి నాలుగు హద్దులూ రాస్తాడు. తూర్పున ఫలానా వారి జిరాయితీ, పడమర గెడ్డ, ఉత్తరాన పుంత, దక్షిణాన అన్నదమ్ముల వాటా. చెట్టూ బావీ ఉంటే వాటినీ వదలడు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు. అప్పుడు గానీ డబ్బు బయటికి రాదు.

అదే ఊళ్లో ఒక మనిషి ఏళ్ల తరబడి కూర్చుని నవల రాస్తాడు. అది చేతులు మారేటప్పుడు వీళ్లలో ఒక్కరూ ఉండరు. హద్దులు రాసేవారు లేరు, సాక్షులు లేరు, చాలాసార్లు కాగితమే లేదు. రచయిత ఫోనులో "సరేనండీ, వేసుకోండి" అంటాడు. అక్కడితో ఆ నవల మీద ఎవరికి ఏ హక్కుందో చెప్పగలిగేవారు లేకుండా పోతారు. భూమిని అంత జాగ్రత్తగా చూసుకునే మా ప్రాంతం, ఈ నేల మీద పుట్టిన కథల్ని ఇలా వదిలేయడం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ఇంగ్లీషు ప్రచురణ రంగంలో రచయితకూ ప్రచురణకర్తకూ నడుమ లిటరరీ ఏజెంటు అని ఒక మనిషి ఉంటాడు. లండన్‌లో 1870ల్లో ఏ.పి. వాట్ అనే స్కాట్లండు మనిషి ఈ పని వృత్తిగా మొదలుపెట్టాడు. రచయితకు వచ్చే డబ్బులో నూటికి పది తన కమీషన్. కిప్లింగ్, కానన్ డాయిల్ వంటివాళ్ల పుస్తకాల బేరాలు ఆయనే నడిపాడు. విలియం హైన్‌మన్ వంటి పెద్ద ప్రచురణకర్తలు ఆ రోజుల్లో ఏజెంట్లంటే మండిపడ్డారు. రచయిత ఒంటరిగా వచ్చినప్పుడు కుదిరిన బేరం, పక్కన లెక్క తెలిసిన మనిషి ఉంటే కుదరదని వాళ్లకు అర్థమైంది. ఈనాడు లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ పెద్ద సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా రాని రాతప్రతిని చదవనే చదవవు. సొంత దేశంలో అమ్మిన హక్కుల మీద 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం ఇప్పుడు మామూలు రేటు.

ఆ పని ఎలా నడుస్తుందో మన పిల్లలకు తెలియాలి. రచయిత ముందు ఒక పేజీ ఉత్తరం రాస్తాడు. దానికి నవల సారాంశం, మొదటి అధ్యాయాలు జతచేస్తాడు. నచ్చితే ఏజెంటు మొత్తం ప్రతి తెప్పించుకుంటాడు. చదివి, ఎక్కడ సాగదీశారో, ఏ పాత్ర తేలిపోయిందో చెప్పి మళ్లీ రాయిస్తాడు. ఏ ఎడిటరుకు ఏ రకం రచన పడుతుందో అతనికి తెలుసు కనుక అక్కడికే పంపుతాడు. ఇద్దరు ముగ్గురు కావాలంటే వేలం పెడతాడు. తర్వాత ఒప్పందం. అడ్వాన్సు ఎంత, రాయల్టీ ఎంత, ఏ దేశాల్లో అమ్ముకోవచ్చు, ఎన్నేళ్లు, అనువాదం ఎవరిది, ఆడియో ఎవరిది, సినిమా ఎవరిది, పుస్తకం అచ్చులో లేకుండా పోతే హక్కులు ఎప్పుడు వెనక్కి రావాలి, ఇవన్నీ వరసగా రాయిస్తాడు. అడ్వాన్సంటే ముందుగా చేతికిచ్చిన రాయల్టీయే. అమ్మకాల మీద అది తీరాక పైది మళ్లీ రచయితకు వస్తుంది. గడువు ప్రకారం లెక్కలు తెప్పించి సరిచూడటం కూడా ఏజెంటు పనే. రచయితకు డబ్బు వస్తేనే అతనికి డబ్బు. చదివినందుకు ఫీజు తీసుకోవడం ఆ వృత్తిలో తప్పు కింద లెక్క.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. తన పుస్తకానికి ఇంత విలువని రచయిత తన నోటితో చెప్పుకోనక్కర్లేదు. మన దగ్గర డబ్బు అడిగిన రచయితను చిన్నచూపు చూస్తారు. "సాహిత్య సేవ కదండీ" అని ఒక్క మాట అంటే అడిగినవాడు సిగ్గుపడి ఊరుకుంటాడు. ఆ సిగ్గు రచయితకు లేకుండా చేసే మనిషి ఏజెంటు.

మన దేశపు రచయితలకు ఈ దారి కొత్తదేం కాదు. టాగూరు గీతాంజలి ఇంగ్లీషు ప్రతి 1912లో లండన్‌లో ఇండియా సొసైటీ వేసినప్పుడు 750 కాపీలు మాత్రమే అచ్చయింది. చిత్రకారుడు విలియం రోథెన్‌స్టీన్ స్నేహధర్మంగా పూనుకుని, మాక్మిలన్ వాళ్లతో మాట్లాడి, 1913లో ఆ పుస్తకం పెద్ద ఎత్తున వచ్చేలా చూశాడు. మైసూరులో ఆర్.కె. నారాయణ్ రాసుకున్న మొదటి నవలను ప్రచురణకర్తలు వరసపెట్టి తిప్పి పంపేశారు. ఆక్స్‌ఫర్డులో ఉన్న స్నేహితుడు పూర్ణ ఆ ప్రతిని గ్రహామ్ గ్రీన్ చేతిలో పెట్టాడు. గ్రీన్ సిఫారసుతో 1935లో 'స్వామి అండ్ ఫ్రెండ్స్' వచ్చింది. గ్రీన్ అంతటితో ఊరుకోలేదు, నారాయణ్‌ను డేవిడ్ హైమ్ అనే ఏజెంటుకు అప్పగించాడు. తలుపు స్నేహం తెరిచింది. తర్వాత దశాబ్దాల పాటు పుస్తకం వెనక పుస్తకం బయటికి రావడానికి, లెక్కలు సరిగా ఉండటానికి వృత్తిగా ఆ పని చేసే మనిషి కావలసి వచ్చాడు.

మా తెలుగువాళ్లకు తలుపు తెరిచే స్నేహం దొరికింది, వృత్తిగా ఆ పని చేసే మనిషి దొరకలేదు.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శనకెక్కి, 1897లో అచ్చయింది. వెనక విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆదరణ ఉంది. బాగా పెంచి తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. మన విశాఖ శ్రీశ్రీ సంగతి మరీ బాధాకరం. 'మహాప్రస్థానం' కవితల్లో ముఖ్యమైనవి 1930ల్లోనే పుట్టాయి. చలం ముందుమాట 1940లోనే రాసిచ్చాడు. పుస్తకం చేతికి వచ్చింది 1950లో. ఒక శతాబ్దపు కవిత్వాన్ని మలుపు తిప్పిన పుస్తకం, ముందుమాటతో సహా సిద్ధమయ్యాక కూడా పదేళ్లు ఆగింది. చలం కన్నా గొప్ప సిఫారసు ఎవరికి దొరుకుతుంది? సిఫారసు ఉంది. కాగితం, అచ్చు, పెట్టుబడి, ఒప్పందం ఈ నాలుగూ కుదిర్చి పెట్టే మనిషి లేడు.

విజయనగరం చాగంటి సోమయాజులు (చాసో) గారి మాటకొస్తే, ఆయన 1915లో పుట్టి 1994లో పోయారు. రాసింది కొద్ది కథలు, ఒక్కొక్కటి గట్టి కథ. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని పెంగ్విన్ సంస్థ 2012లో వేసింది. అంటే ఆయన పోయిన పద్దెనిమిదేళ్లకు. ఆ వెల్చేరు వారిదీ శ్రీకాకుళం జిల్లాయే. మా కథను బయటి పాఠకుడికి చేర్చడానికి మా నేల మీద పుట్టి అమెరికాలో ఆచార్యుడైన మనిషి సొంత ఇష్టంతో పూనుకోవలసి వచ్చింది. అంత ఇష్టం, అంత పాండిత్యం ఉన్నవారు ఎంతమంది పుడతారు? వాళ్ల కంట పడని కథల గతి ఏమిటి?

ఇలా చూస్తే తెలుగులో ఏజెంటు పని ఎప్పుడూ జరుగుతూనే ఉంది, ప్రేమ కొద్దీ చేసినవారి చేతుల మీదుగా. మహారాజులు చేశారు, స్నేహితులు చేశారు, ప్రవాసులు చేశారు, మనసు ఫౌండేషన్ వంటి సంస్థలు రావిశాస్త్రి, కారా (కాళీపట్నం రామారావు) వంటివారి సమగ్ర రచనలు తెచ్చి చేశాయి. వాళ్లందరికీ తెలుగు పాఠకుడు రుణపడి ఉన్నాడు. అయితే ప్రేమతో నడిచే పని ఆ మనిషితోనే ఆగిపోతుంది. పైగా అందులో రచయిత ఎప్పుడూ పుచ్చుకునేవాడుగానే ఉంటాడు. తన శ్రమకు ధర అడిగే హక్కు ఉన్నవాడుగా నిలబడలేడు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: రచయితకు దయ చాలింది, ఇక ఒప్పందం కావాలి.

తెలుగు ప్రచురణకు ఘనమైన చరిత్ర ఉంది. వావిళ్ల వారి సంస్థ 1854 నాటిది. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు మధ్యతరగతి ఇళ్లలో అలమరలు నింపాయి. విశాలాంధ్ర ప్రచురణాలయం 1953 నుంచీ, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచీ తక్కువ ధరకు మంచి పుస్తకాలు ఇచ్చాయి. వారపత్రికల్లో సీరియల్ వస్తుండగానే ప్రచురణకర్త రచయిత ఇంటికి వచ్చి, ఎడిషన్‌కు ఇంత అని చేతిలో పెట్టిన రోజులు ఉన్నాయి. అప్పుడు ఒక రకంగా వారపత్రిక ఎడిటరే ఏజెంటు. పాఠకుడికి ఏం నచ్చుతుందో ఆయనకు తెలుసు, ప్రచురణకర్త ఆయన మాట వినేవాడు. ఆ పత్రికలు ఒకటొకటిగా పోయాయి. మాసపత్రికలు 'విపుల', 'చతుర' కూడా 2021లో ఆగిపోయాయి. కొత్త రచయిత పేరు పాఠకుడి చెవిన పడే దారే సన్నబడింది.

ఇప్పుడు మా వైపు ఒక కథల పుస్తకం ఎలా వస్తుందో చూడండి. రచయిత సొంత డబ్బుతో డీటీపీ చేయిస్తాడు. ప్రూఫులు తనే దిద్దుకుంటాడు. తెలిసిన చిత్రకారుడు ముఖచిత్రం వేస్తాడు. ఫైలు విజయవాడకో హైదరాబాదుకో పంపితే, అట్టపెట్టెల్లో పుస్తకాలు లారీ పార్సిలు ఆఫీసుకు దిగుతాయి. ఆటోలో ఇంటికి తెచ్చి మంచం కింద పెడతారు. సముద్రం పక్క ఊళ్లు కదా, వానాకాలం ఒక్కటి గడిచేసరికి అడుగున ఉన్న పెట్టె మెత్తబడుతుంది. పై పుస్తకం తీస్తే అట్ట వంపు తిరిగి ఉంటుంది, అంచుల్లో పసుపుపచ్చ మరకలు కనిపిస్తాయి, పేజీలు విప్పుతుంటే ఒకదానికొకటి అతుక్కుని చిన్న చప్పుడు చేస్తూ విడిపోతాయి. ఆవిష్కరణ సభలో అమ్మినవి కొన్ని, సమీక్షలకూ పెద్దలకూ ఉచితంగా పంపినవి మరికొన్ని. పోస్టు ఖర్చూ రచయితదే. మిగిలినవి ఆ పెట్టెల్లోనే.

ప్రచురణకర్తే వేశాడనుకున్నా లెక్క చిన్నదే. 200 రూపాయల పుస్తకం 500 కాపీలు వేస్తే మొత్తం ముఖవిలువ లక్ష. పంపిణీదారుకూ దుకాణానికీ కలిపి నూటికి 40 పోతే 60 వేలు. అందులోనే కాగితం, అచ్చు, బైండింగు, రవాణా, అమ్ముడుపోని కాపీలు. రచయితకు 10 శాతం రాయల్టీ అనుకుంటే, కాపీలన్నీ అమ్మితే 10 వేలు. అందులో ఏజెంటు వాటా 15 శాతం అంటే 1,500. ఏ ఏజెంటూ దీని మీద బతకలేడు. ప్రచురణకర్తను కూడా దొంగను చేసి మాట్లాడటానికి లేదు, ఈ లెక్కలో ఆయనకు మిగిలేదీ తక్కువే. కాబట్టి "తెలుగుకు ఏజెంట్లెందుకు?" అనేవారి ప్రశ్న న్యాయమైనదే.

దానికి జవాబు మా వీధిలో భూముల బేరాలు కుదిర్చే ఒకాయన మాటల్లో దొరికింది. నా కథల పుస్తకం ఆయన చేతికిస్తే, వెనక్కి తిప్పి ధర చూశాడు.

"ఇందులో మీకెంతొస్తాది మాస్టారూ?"

"నూటికి పది అన్నారు."

"అన్నారంటే? కాయితమ్మీద రాసుకోలేదేటి?"

"అడిగాను. మన మధ్య కాగితాలెందుకండీ అన్నారు."

"మరి ఐదొందలు అమ్ముడయిపోనాక మళ్లీ ఏసుకుంటే మీకెలగ తెలుస్తాది? రేపొద్దున ఎవులో ఈ కతని సినిమా తీస్తామంటే ఎవులితో మాటాడాల? మీతోనా, ఆలతోనా?"

ఆయన బడి మెట్లు పెద్దగా ఎక్కినవాడు కాదు. అయినా రచయితల సభల్లో నేనెప్పుడూ వినని రెండు ప్రశ్నలు ఒక్క నిమిషంలో వేశాడు. రెండోది అసలైన ప్రశ్న. పుస్తకం కాపీల మీద వచ్చేది ఒక్కటే ఆదాయం కాదు. ఒక కథ మీద అనువాద హక్కు ఉంది, ఆడియో హక్కు ఉంది, ఈ-బుక్ హక్కు ఉంది, నాటకం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు ఉన్నాయి, పాఠ్యపుస్తకంలోనూ సంకలనంలోనూ చేర్చుకునే అనుమతి ఉంది. ఇవన్నీ విడివిడి వాటాలు. నోటిమాట బేరంలో ఇవి ఎవరివో తేలదు. తేలని హక్కుల జోలికి బయటివాడు ఎవడూ రాడు, తగాదా ఉన్న భూమిని కొననట్టే. ఏజెంటు బతికేది ఈ వాటాల మీద.

నా కథ ఒకటి ఆ మధ్య ఒక సంకలనంలో కనిపించింది. వేసినవాళ్లు నన్ను అడగలేదు, కాపీ పంపలేదు. ఫోను చేస్తే, "మంచి కథ అని వేశామండీ, సంతోషిస్తారనుకున్నాం" అన్నారు. వాళ్ల గొంతులో కపటం లేదు. అదే నన్ను ఎక్కువ కలతపెట్టింది. ఒకరి రచన అడగకుండా తీసుకోవడం గౌరవించడమే అని మన సాహిత్య లోకం నిజంగా నమ్ముతోంది.

చట్టం మాత్రం అలా నమ్మడం లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం రచయిత పక్షానే గట్టిగా నిలబడింది, చదివేవారే లేరు. రచన మీద హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు, రాసిన క్షణమే అది రచయితది. ఆ హక్కును మరొకరికి బదలాయించాలంటే రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉండాలి, లేకపోతే చెల్లదు. ఎంతకాలానికో కాగితంలో రాయకపోతే 5 ఏళ్లే అని 19వ సెక్షను చెబుతోంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం మట్టుకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, వేరుగా రాసుకుంటే తప్ప, అది వెనక్కి వచ్చేస్తుంది. 57వ సెక్షను ప్రకారం, హక్కులన్నీ అమ్ముకున్నా రచన మీద తన పేరు ఉండాలనీ, పరువు పోయేలా దాన్ని వికృతం చేయకూడదనీ అడిగే అధికారం రచయితకు మిగిలే ఉంటుంది. "మన మధ్య కాగితాలెందుకు" అనే మాటకు ఈ చట్టం ముందు నిలువనీడ లేదు.

ఇంకో సంగతి. ఈ హక్కు రచయిత బతికినంత కాలమూ, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. గురజాడ, గిడుగు రచనలు ఇప్పుడు అందరివీ. శ్రీశ్రీ పోయింది 1983లో, ఆయన రచనల మీద హక్కు 2043 ఆఖరు దాకా ఉంటుంది. చాసో కథల మీద 2054 దాకా. కాళీపట్నం రామారావు గారు 2021లో పోయారు, 'యజ్ఞం' మీద హక్కు 2081 దాకా ఉంటుంది. వీళ్లు పేరున్నవాళ్లు కనుక వారసులెవరో తెలుస్తుంది. నాలుగు మంచి కథలు రాసి పోయిన స్కూలు మాస్టర్లూ గుమాస్తాలూ మా ఉత్తరాంధ్రలో ఎంతమంది! వాళ్ల పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. తండ్రి కథ మీద తమకు హక్కుందన్న సంగతే తెలియదు. ఒక అనువాదకురాలు అనుమతి కోసం వెతికితే అడ్రసు చెప్పేవారు ఉండరు. అడిగేవారు లేక కథ ఆగిపోతుంది. బతికున్న రచయితల కన్నా పోయినవారికే ఏజెంటు అవసరం ఎక్కువ.

ఏ కథ ఎవరిదో తేల్చే ఈ పనికి పునాది మా దగ్గరే పడింది. కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. పురస్కారాలతో వచ్చిన డబ్బు అందులో పెట్టారు. పాత పత్రికలు ఊరూరా వెతికి తెప్పించి, ఏ కథ ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ సంచికలో మొదట అచ్చయింది అన్నది నమోదు చేయించారు. చూసేవారికి అది గ్రంథాలయం. హక్కుల దృష్టితో చూస్తే తెలుగు కథ మొత్తానికి అది లింకు డాక్యుమెంటు. ఇంత పెద్ద పని ఒక రిటైరైన ఉపాధ్యాయుడు చిన్న పట్టణంలో కూర్చుని చేయగలిగాడు. దాని మీద రెండో అంతస్తు కట్టడం మా తరం బాధ్యత.

ఈ పనికి పెద్ద నగరం కావాలన్నదీ అపోహే. తమిళంలో కాలచ్చువడు ప్రచురణ సంస్థ నాగర్‌కోయిల్‌లో ఉంది. అక్కడి నుంచే తమిళ రచయితల అనువాద హక్కులు విదేశీ పుస్తక ప్రదర్శనల్లో అమ్ముతోంది. కేరళలో 1945లోనే పన్నెండుమంది రచయితలు కొట్టాయంలో సహకార సంఘం పెట్టుకుని తమ పుస్తకాలు తామే వేసుకున్నారు, నూటికి 30 రాయల్టీ ఇచ్చారు. కన్నడంలో బాను ముష్తాక్ ఉండేది హాసన్‌లో, మన విజయనగరంలాంటి జిల్లా కేంద్రం. అనువాదకురాలు దీపా భస్తి ఉండేది కొడగులో. వాళ్ల 'హార్ట్ ల్యాంప్' కథలకు 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. 50 వేల పౌండ్లు రచయిత్రికీ అనువాదకురాలికీ చెరిసగం. ఆ బహుమతి అందుకున్న మొదటి కథల సంపుటి అదే. మన కథకులు వాళ్లకు ఏ విధంగానూ తీసిపోరు. చాసో కథ పక్కన, రావిశాస్త్రి కథ పక్కన పెట్టి చూడండి. తేడా కథలో లేదు. ఆ కథ ఉందని సరైన బల్ల మీద, సరైన సమయంలో, సరైన కాగితాలతో పెట్టే మనిషి దగ్గర ఉంది.

అరుంధతీ రాయ్ మొదటి నవల రాతప్రతి 1996లో లండన్‌లో డేవిడ్ గాడ్విన్ అనే ఏజెంటు చదివాడు. చదివి విమానమెక్కి ఢిల్లీ వచ్చాడు. మరుసటి ఏడు ఆ నవలకు బుకర్ వచ్చింది. ఒక అచ్చుకాని ప్రతిని నమ్మి అంత దూరం ప్రయాణం చేసే మనిషి రచయితకు ఎంత ధైర్యమో ఊహించండి. తెలుగు రచయితకు అలాంటి ధైర్యం ఏనాడూ దొరకలేదు.

ఈ ఖాళీలోకి మోసగాళ్లు కూడా వస్తున్నారు. "మీ పుస్తకం వేస్తాం, ప్యాకేజీ ఇంత" అంటారు. "అంతర్జాతీయ పురస్కారం, రిజిస్ట్రేషను ఫీజు ఇంత" అంటారు. ఐఎస్‌బీఎన్ నంబరు ఇప్పిస్తామని వేలు వసూలు చేసేవారూ ఉన్నారు. ఆ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత తన పేరు మీదే తీసుకోవచ్చు. కొత్తగా రాసేవారు ఒక్కటి గుర్తు పెట్టుకోవాలి. ఏజెంటు రచయితకు డబ్బు తెస్తాడు. రచయిత దగ్గర డబ్బు అడిగేవాడు ఏజెంటు కాడు.

ఉత్తరాంధ్ర యువతకు నాదొక మనవి. మీలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఉన్నారు, లా చదివినవాళ్లు ఉన్నారు, సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఒప్పందాలు చదివి సంతకాలు పెడుతున్నవాళ్లు ఉన్నారు. మీ తాతగారో, మీ బడి మాస్టారో, మీ ఊరి ఆవిడో రాసిన కథల జాబితా తయారు చేయండి. వారసులెవరో రాసి పెట్టండి. ఒక కథ ఎంచుకుని మంచి అనువాదం చేయించి, రెండు పేజీల పరిచయంతో ఒక ప్రచురణ సంస్థకు పంపండి. ఇంగ్లీషులో వేసే భారతీయ సంస్థలు చాలావరకు ఇంకా నేరుగా పంపినవీ చూస్తున్నాయి. కుదిరితే మీ 15 శాతం మీరు తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. యాభైమంది రచయితల హక్కులు ఒకచోట చేరితే అది ఒక మనిషికి జీవనోపాధి కావచ్చు.

ప్రచురణకర్తలకు ఒక మాట. రెండు పేజీల ఒప్పందం మీకూ రక్షణే. హక్కులు తేలిన పుస్తకమే బయటి భాషకు అమ్ముడవుతుంది, అందులో మీ వాటా మీకు వస్తుంది.

తోటి రచయితలకు చివరిగా. ఈసారి పుస్తకం ఎవరికిచ్చినా కాగితం అడగండి. ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, ఎంత శాతం, లెక్కలు ఎప్పుడు, ఈ నాలుగూ రాయించండి. అనువాదం, ఆడియో, సినిమా హక్కులు మీ దగ్గరే ఉంటాయని అయిదో వాక్యం చేర్చండి. కింద సంతకం పెట్టి ఒక ప్రతి ఇంట్లో దాచండి, ఎక్కడ పెట్టారో పిల్లలకు చెప్పండి. మీరు పోయాక ఆ కథలకు మరో 60 ఏళ్లు హక్కుదారులు వాళ్లే.